వరస కట్టినాయన
(బహ్రెయిన్ తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగానికి అక్షర రూపం)



ఇవాళ నేను ఒక పెద్దాయన గురించి మాట్లాడదామని వచ్చాను. ఆయన్ని నేను ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. నా పేరు ఆయనకి తెలియదు. అయినా గుదైబియాలో మా ఇంటి హాల్లో పాతికేళ్ళుగా ప్రతి శుక్రవారం ఆయన ఉన్నారు. ఉన్నారన్న సంగతి నాకే సరిగా తెలియలేదు. అదీ చెప్పాల్సింది.

2025 మార్చి 9, ఆదివారం. రంజాన్ నెల నడుస్తోంది. ఇక్కడ ఉన్నవాళ్ళకి ఆ రోజులెలా ఉంటాయో చెప్పనక్కర్లేదు, బయట ఉన్నవాళ్ళ కోసం చెబుతున్నాను. ఆఫీసులు పెందలాడే వదిలేస్తారు. మధ్యాహ్నం రోడ్లన్నీ నిద్రపోతున్నట్టుంటాయి. సాయంత్రం ఇఫ్తార్ ఫిరంగి మోగాక ఊరు మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఆ సందడంతా సద్దుమణిగాక నేను వంటింట్లో ఇడ్లీకి పప్పు రుబ్బుతున్నాను. ఫోను టింగుమంది. ఒకటి కాదు, వరసగా నాలుగైదు. తిరుపతి నుంచి ఒక స్నేహితురాలు పెట్టిన సందేశం, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు ఇక లేరని.

గ్రైండర్ కట్టేసి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. మావారు వచ్చి, "ఏమైంది?" అన్నారు.

"బాలకృష్ణప్రసాద్ గారు పోయారటండీ."

"ఏ ప్రసాదు? మన సల్మానియా ప్రసాద్ గారా? మొన్ననే కదా కనిపించారు!"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మావారిని తప్పు పట్టలేను. ఆయన కారులో పదేళ్ళుగా మోగుతున్న పాటలు ఎవరివని అడిగితే టక్కున "అన్నమయ్యవి" అంటారు. అంతకుమించి ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ రాత్రే మా పాటల క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో కబురు పెట్టాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. కాసేపటికి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ ఫోన్లోంచి. "ఆంటీ, మనం పాడేవి అన్నమయ్య పాటలే కదా. అన్నమయ్య ఎప్పుడో వందల ఏళ్ళ క్రితం పోయారని మీరే చెప్పారు కదా. మరి ఇప్పుడు పోయినాయన ఎవరు?"

పదిహేను మంది పిల్లలకి ఆయన పాటలు నేర్పుతున్నాను. అంతకుముందు నేర్చుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో లెక్క లేదు. ఒక్కరికైనా ఆయన పేరు చెప్పిన గుర్తు లేదు. ఆ పిల్లకి ఆ రాత్రి జవాబు ఇవ్వలేకపోయాను. "శుక్రవారం చెప్తానమ్మా" అని తప్పించుకున్నాను. ఇవాళ మీ ముందు చెబుతున్నది ఆ జవాబే, కాస్త పెంచి.

అన్నమయ్య సంగతి మీకందరికీ తెలుసు. 1408లో కడప సీమలోని తాళ్ళపాకలో పుట్టారు, 1503లో ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు వెళ్ళిపోయారు. ముప్పై రెండు వేల సంకీర్తనలు రాశారని ఆయన మనవడు చెప్పాడు. మనకి దొరికినవి పద్నాలుగు వేల చిల్లర. కొడుకులు, మనవలు వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో ఒక గదిలో భద్రం చేశారు. తరవాత లోకం వాటి సంగతి మరిచిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో, 1922 ప్రాంతంలో అవి మళ్ళీ వెలుగు చూశాయి. ఇంతవరకూ సినిమా చూసినవాళ్ళకి కూడా తెలిసిన కథే.

సినిమాలో లేని ముక్క ఒకటుంది. ఆ రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పాట నెత్తిన రాగం పేరు ఉంది. అంతే! స్వరాలు లేవు. ఎలా పాడేవారో చెప్పే గుర్తులేమీ లేవు. సామంతం, పాడి, గుండక్రియ, దేసాక్షి అని రాగాల పేర్లు కనబడతాయి. కొన్ని ఇప్పటికీ మనం పాడుకునేవే. కొన్నిటి పేరు మాత్రమే మిగిలింది. కొండమలహరి అంటే ఎలా ఉండేదో ఇవాళ పాడి చూపించమంటే ఎవరు చూపిస్తారు? పేరు మిగిలిన రాగాలు కూడా ఐదు వందల ఏళ్ళలో ఎంత మారాయో. మా నాన్నమ్మ వంటల పుస్తకం ఒకటుంది మా ఇంట్లో. "గుత్తివంకాయ - తగినంత కారం" అని రాసుంటుంది. చెయ్యి తిరిగినవాళ్ళకి అది చాలు. నాకు చాలదు. రేకుల మీద రాగం పేరు కూడా అలాంటిదే. రాసిన రోజున పాడేవాళ్ళకి తెలుసు కాబట్టి అంతకన్నా రాయనక్కర్లేకపోయింది.

అంటే మనం ఇవాళ అన్నమయ్య పాట అని పాడుకునేదాంట్లో మాట అన్నమయ్యది. వరస మన కాలపువాళ్ళది. ఎవరో ఒకాయన ఆ మాటల ముందు కూర్చుని, పల్లవి నాలుగుసార్లు చదువుకుని, ఏ రాగంలో పెడితే ఈ మాట బతుకుతుందో ఆలోచించి, ఎత్తుగడ కట్టి, తాళంలో కూర్చి, నలుగురికీ నేర్పితేనే అది పాటయింది. లేకపోతే పుస్తకంలో పద్యంలా పడి ఉండేది. ఎంతమంది తెరుస్తారు చెప్పండి ఆ పుస్తకం?

ఈ పని మొదట చేసినవారిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు పెద్దదిక్కు. 1893లో పుట్టి 1979లో పోయారు. వేమన మీద ఉపన్యాసాలిచ్చిన పండితుడు, సంగీత కళానిధి బిరుదు అందుకున్న విద్వాంసుడు కూడాను. రెండు కళ్ళూ ఉన్న మనిషి అంటారే, అలాగన్నమాట. ఆయన తరవాత నేదునూరి కృష్ణమూర్తి గారు. పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో 1927లో పుట్టారు, శ్రీపాద పినాకపాణి గారి శిష్యులు, 1991లో సంగీత కళానిధి, 2014 డిసెంబరులో విశాఖపట్నంలో కన్నుమూశారు. ఎమ్.ఎస్. సుబ్బులక్ష్మి గారి గొంతులో దేశమంతా విన్న రేవతి రాగం "నానాటి బతుకు" ఉంది చూశారూ, ఆ వరస నేదునూరి గారిదే. ఆ సంగతి ఎంతమందికి తెలుసో చేతులెత్తమంటే నాకు భయం.

ఆ నేదునూరి గారి శిష్యుడు మన బాలకృష్ణప్రసాద్ గారు. 1948 నవంబరు 9న రాజమండ్రిలో పుట్టారు. గాయని ఎస్. జానకి గారికి బంధువు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టినప్పుడు అందులో గాయకుడిగా చేరారు. 2006లో ఉద్యోగ విరమణ చేసేదాకా అక్కడే. దేవస్థానానికి, కంచి కామకోటి పీఠానికి ఆస్థాన విద్వాంసుడు. ఆరు వందలకు పైగా అన్నమయ్య సంకీర్తనలకి వరసలు కట్టారు. సొంతంగా కృతులు కూడా రాసి స్వరపరిచారు, అవీ వందల్లోనే.

ఆరు వందలు అంటే ఎంతో ఒక్కసారి ఊహించుకోండి. నేను పిల్లలకి ఒక పాట నేర్పడానికి నాలుగు శుక్రవారాలు పడుతుంది. ఆ లెక్కన ఆయన కట్టిన వరసలన్నీ మా క్లాసులో నేర్పాలంటే నలభై ఆరేళ్ళు పట్టాలి, మధ్యలో ఎండాకాలం సెలవులు లేకుండా!

మీకు తెలిసినవే రెండు మూడు చెబుతాను. "వినరో భాగ్యము విష్ణుకథ" ఆయన వరసే. "జగడపు చనువుల జాజర" ఆయనదే. పెళ్ళిళ్ళలో తలంబ్రాల వేళ పాడే "పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు" కూడా. మీలో చాలామంది పెళ్ళి వీడియోల్లో ఈ చివరిది ఉండి ఉంటుంది. నా పెళ్ళి వీడియోలో ఉంది. అది ఎప్పటినుంచో మన అమ్మమ్మలు పాడుతున్న పాటేమో అన్నట్టుంటుంది కదూ? అంత పాతదానిలా వినబడేట్టు కట్టడమే ఆయన విద్య అని నేననుకుంటాను.

సంగీతం బాగా తెలిసినవాళ్ళు నా మీద కోప్పడకండి. నాకు వర్ణాలు దాటి నాలుగు కృతులు వచ్చు, అంతే. కానీ పిల్లలకి నేర్పేదాన్ని కాబట్టి ఒక సంగతి నా అనుభవంలోంచి చెప్పగలను. కొన్ని వరసలు చాలా గొప్పవి, వింటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఏడేళ్ళ పిల్లాడి గొంతులో పెడితే నిలవవు, జారిపోతాయి. అవి కచేరీ కోసం, తయారైన గొంతు కోసం కట్టినవి. బాలకృష్ణప్రసాద్ గారి వరసలు చాలావాటికి పిల్లల గొంతులో చోటుంది. మాట ఎక్కడ విరగాలో వరస అక్కడే విరుగుతుంది. తెలుగు సరిగా రాని పిల్లాడు కూడా అర్థం చెడకుండా పాడేస్తాడు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి ఇది ఎంత పెద్ద సాయమో వాళ్ళ తల్లులని అడగండి. ఒకరు అంటే పదిమంది అందుకునేట్టు పల్లవి ఉంటుంది. మా క్లాసులో శ్రుతి అసలు నిలవని కుర్రాడొకడుండేవాడు. పేరు చెప్పను, ఇప్పుడు పెద్ద ఇంజనీరు. వాడు కూడా "వినరో భాగ్యము" పల్లవి దగ్గర మాత్రం అందరితో కలిసిపోయేవాడు. వాడికి అదొక్కటే పాట. ఏ స్టేజీ ఎక్కినా అదే!

ఇలాంటి వరసల్ని కొందరు "తేలిక సంగీతం" అని కొంచెం చిన్నచూపు చూడడం నేను విన్నాను. చూడనివ్వండి. అందరికీ అందేలా కట్టడం తేలికైన పనైతే అందరూ కట్టేవారే.

ఇక నా కథకొస్తాను. నేను ఇక్కడికి 1999లో పెళ్ళయిన కొత్తల్లో వచ్చాను. పెట్టెలో మా నాన్నగారు ఏడు క్యాసెట్లు సర్దారు. అన్నీ తిరుపతిలో కొన్నవి. అప్పట్లో ఇక్కడ తెలుగు పాట వినాలంటే ఎవరో ఒకరు ఊరినుంచి తేవాలి. ఆ ఏడు క్యాసెట్లు గుదైబియా నుంచి రిఫా దాకా తెలుగిళ్ళన్నీ తిరిగాయి. కాపీలకి కాపీలు తీసుకున్నారు. రెండు మాత్రమే నాకు తిరిగొచ్చాయి. మిగతావి ఎవరిళ్ళల్లో ఉన్నాయో, ఇది వింటున్నవాళ్ళలో ఎవరైనా ఉంటే... వద్దులెండి, ఇప్పుడు టేప్ రికార్డరు ఎక్కడుంది!

తరవాత ఒకామె తన కూతురికి పాట నేర్పమంది. ఒక పిల్ల ఇద్దరయింది, ఇద్దరు ఆరుగురయ్యారు. అలా శుక్రవారం క్లాసు మొదలయింది. నేను క్యాసెట్ విని నేర్చుకోవడం, పిల్లలకి నేర్పడం. గురువు లేడు, క్యాసెట్టే గురువు.

ఆ గురువుకి ఒక జబ్బు చేసింది. తలంబ్రాల పాట ఉన్న క్యాసెట్లో చివరి చరణం దగ్గర టేపు నలిగింది. రికార్డరు నమిలేసింది దాన్ని. పెన్సిలు పెట్టి తిప్పి తిప్పి సరిచేశాను గానీ అక్కడ మూడు నాలుగు సెకన్లు బురబురమని మోతే, పాట లేదు. ఏం చేస్తాను? ముందు వెనకలు చూసుకుని మధ్యలో నాకు తోచిన సంగతి ఒకటి అతికించాను. బాగానే కుదిరిందనుకున్నాను. పిల్లలకి అదే నేర్పాను. పదేళ్ళపాటు బహ్రెయిన్లో తెలుగు పిల్లలందరూ ఆ అతుకుతోనే పాడారు.

మా అమ్మాయి హైదరాబాదులో కాలేజీలో చేరాక ఒకరోజు ఫోన్ చేసింది. స్నేహితురాలి అక్క పెళ్ళిలో పాడిందట. పక్కనున్న పెద్దావిడ ఆపి, "అమ్మాయ్, అక్కడ అలా కాదు" అని సరిచేసిందట. "అమ్మా, నువ్వు నేర్పింది తప్పట!" అంది. నాకు కోపం వచ్చింది. "ఆవిడకేం తెలుసు" అన్నాను కూడా. ఫోను పెట్టేశాక యూట్యూబులో వెతికి, ఆయన పాడింది తీసి విన్నాను. ఆవిడే రైటు. నా అతుకు అతుకే. ఆయన అక్కడ ఎంత మామూలుగా, ఎంత తక్కువగా వెళ్ళిపోయారో! నేనేమో అనవసరంగా మెలికలు తిప్పాను.

మరి సరిచేశానా? లేదు. ఇదే మీకు చెప్పుకోవాలనిపించింది. "ఇప్పుడు ఇంతమందికి మళ్ళీ నేర్పడమెందుకు, బాగానే ఉంది కదా" అనుకున్నాను. మా పిల్లలు దాన్ని "బహ్రెయిన్ సంగతి" అని సరదాగా పిలిచేవారు. నాకూ లోలోపల కొంచెం గర్వమే. ఆయన పోయారన్న కబురు విన్న రాత్రి నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ నాలుగు సెకన్లే.

ఇంకో సంగతి కూడా. 2004 వేసవిలో మేమంతా తిరుపతి వెళ్ళాం. దర్శనం అయింది. కిందికి దిగాం. అక్కడ మాకు తెలిసిన పెద్దాయన ఒకరు, "బాలకృష్ణప్రసాద్ గారింటికి తీసుకెళ్తానమ్మా, ఒక్క నమస్కారం పెట్టుకుని వద్దువుగాని, పిల్లలకి ఆయన పాటలే నేర్పుతున్నావు కదా" అన్నారు. ఎండ మండిపోతోంది. పిల్లలు ఏడుస్తున్నారు. సామాన్లున్నాయి, రాత్రికి రైలుంది. "వచ్చే ఏడు వస్తాం కదా బాబాయ్ గారూ, అప్పుడు చూద్దాం" అన్నాను. పరదేశంలో ఉండేవాళ్ళం, మనం ఈ మాట ఎన్నిసార్లు అని ఉంటామో. వచ్చే ఏడు వెళ్ళాం కూడా. ఆ ఏడు గుర్తే రాలేదు.

ఇప్పుడు కొంచెం పక్కదారి పడతాను, ఓపిక పట్టండి. మళ్ళీ ఇక్కడికే వస్తాను.

ముహర్రక్ లో పాత ముత్యాల వర్తకుల ఇళ్ళున్న వీధులు మీలో చాలామంది చూసే ఉంటారు. 2012లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అక్కడ "ఫిజిరి" అనే పాట వింటాం. ముత్యాల కోసం నెలల తరబడి సముద్రం మీదకి పోయే పడవలవాళ్ళ పాట. 2021లో దీన్ని కూడా యునెస్కో జాబితాలో చేర్చారు. పడవలో పాట ఎత్తేవాడిని నహ్హామ్ అంటారు. ఆయన గొంతెత్తుతాడు, మిగతావాళ్ళు కింద సముద్రం ఘోషపెట్టినట్టు లోగొంతుతో శ్రుతి పడతారు, చప్పట్లు కొడతారు. మిర్వాస్ అని చిన్న చేతి డప్పు, జహల్ అని మట్టి కుండ. ఆ కుండ వాయిస్తుంటే మొదటిసారి చూసి మావాడు "అమ్మా, ఘటం!" అని అరిచాడు. జపాను వాళ్ళు ముత్యాలు పెంచడం నేర్చాక, 1932లో ఇక్కడ చమురు పడ్డాక ఆ పడవలు ఆగిపోయాయి. పాట మాత్రం ఆగలేదు, ఇళ్ళలోకి, దార్ అనే కూటాల్లోకి వచ్చి చేరింది. పెద్దవాళ్ళు పాడతారు, కుర్రవాళ్ళు పక్కన కూర్చుని వింటూ వింటూ నేర్చుకుంటారు.

ఈ ఫిజిరి ఎవరు కట్టారని అడిగితే ఒక కథ చెబుతారు. ముగ్గురు జాలరులు ఒక రాత్రి పాడుబడిన చోట పాట విని లోపలికెళ్ళారట. అక్కడ జిన్నులు కూర్చుని పాడుతున్నాయట. సగం మనిషి, సగం గాడిద రూపం. ఆ జిన్నులు పాట నేర్పి, ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టించుకున్నాయట. చివరికి మిగిలిన ఒక్కడు తాను పోయేముందు ఆ పాటని నలుగురికీ నేర్పి పోయాడట.

మొదట విన్నప్పుడు నవ్వుకున్నాను. బాలకృష్ణప్రసాద్ గారు పోయిన వారం ఆ కథే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. ఎవరో ఒక నహ్హామ్, పేరున్న మనిషి, ఇంట్లో పెళ్ళాం పిల్లలున్న మనిషి, పడవ మీద కూర్చుని ఆ వరస కట్టి ఉంటాడు కదా. పాట నిలిచింది, ఆయన పేరు పోయింది. ఆ ఖాళీలో జిన్నులు వచ్చి కూర్చున్నాయి. మనమేం తక్కువ తిన్నామా? మా ఉగాది కార్యక్రమాల కాగితాలు పాతవన్నీ బీరువాలోంచి తీసి చూశాను. ప్రతి పాట కిందా నా చేత్తో రాసినవే. "రచన: అన్నమయ్య. సంగీతం: సాంప్రదాయం." సాంప్రదాయం! మొన్న మొన్నటిదాకా తిరుపతిలో మన మధ్యనే తిరుగుతున్న మనిషి పేరు రాయడానికి బద్ధకించి, నేను కూడా ఒక జిన్నుని తెచ్చి కూర్చోబెట్టాను.

ఆ శుక్రవారం, మార్చి 14, క్లాసుకి పిల్లలందరూ వచ్చారు. ఆ రోజు హోళీ కూడా. రంజాన్ కాబట్టి పగలు గొడవ చెయ్యం, మెల్లగా పాడుకుంటాం, పైనా కిందా ఉపవాసాలవాళ్ళుంటారు. నేను హార్మోనియం పెట్టె తియ్యలేదు. ఆయన ఫోటో ఒకటి ప్రింటు తీసి పెట్టాను. రాగిరేకుల కథ చెప్పాను. వాయిస్ మెసేజ్ పెట్టిన పిల్ల ముందు వరసలో కూర్చుంది. అంతా విని, "అయితే ఆంటీ, పాటకి ఇద్దరు నాన్నలన్నమాట" అంది. ఒకడు, "ఒకరు నాన్న, ఒకరు పెంచిన నాన్న" అని సరిచేశాడు. కాసేపు దాని మీద పెద్ద వాదం జరిగింది. నేను కల్పించుకోలేదు.

తరవాత తలంబ్రాల పాట తీశాను. "ఇందులో నేను తప్పు నేర్పాను" అన్నాను. పిల్లల ముందు ఆ మాట అనడం అనుకున్నంత తేలిక కాలేదండీ. ఆయన పాడింది ఫోన్లో పెట్టి వినిపించాను, ఆ నాలుగు సెకన్లు పదిసార్లు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? నేనే మూడుసార్లు నా మెలిక తిప్పాను. పిల్లలు పకపకా నవ్వి నన్ను ఆపారు. చివరికి వాళ్ళకే ముందొచ్చింది.

క్లాసు అయ్యేసరికి ఫిరంగి మోగే వేళయింది. కింది అంతస్తులో ఉండే ఈజిప్టు ఆవిడ తలుపు తట్టింది. రంజాన్లో ఒక రోజైనా మాకు పళ్ళెం నిండా ఏదో ఒకటి పంపుతుంది. "ఇవాళ పాట వినబడలేదు, పిల్లలు రాలేదా?" అని అడిగింది. ఇన్నేళ్ళుగా ఆవిడకి మా పాటలు వినబడుతున్నాయని నేననుకోలేదు. మా పిల్లలకి బళ్ళో నేర్చిన అరబ్బీ కొంచెం వచ్చు కదా, వాళ్ళలో ఒకమ్మాయి చెప్పింది, మా పాటలు కట్టినాయన చనిపోయారని. ఆవిడ "అల్లా యర్హమా" అంది. ఖర్జూరాలు పిల్లల చేతుల్లో పెట్టి, ఆయన పేరేమిటని అడిగింది. పిల్లలందరూ ఒక్కసారే చెప్పారు. ఆవిడకి నోరు తిరగలేదు, రెండుసార్లు ప్రయత్నించి "బాలా, బాలా" అని ఊరుకుంది.

ఆ రాత్రి మరో పని పెట్టుకున్నాను. నా దగ్గర నేర్చుకుని వెళ్ళిన పిల్లలు డల్లాస్ లో ఉన్నారు, మెల్బోర్న్ లో ఉన్నారు, కొందరు హైదరాబాదులో. నంబర్లు దొరికినవాళ్ళకల్లా ఆ చరణం సరిగ్గా పాడి వాయిస్ మెసేజ్ పంపాను. కింద కారణం రాశాను. కొందరు వెంటనే పాడి పంపారు. ఒకామె, "ఆంటీ, మా పాపకి కూడా పాతదే నేర్పేశాను, ఇప్పుడెలా?" అని రాసింది. అంటే నా అతుకు రెండో తరానికి చేరిందన్నమాట! ఒకడు, "నాకు బహ్రెయిన్ సంగతే ఇష్టం, నేను మార్చను" అన్నాడు. వాడితో ఇంకా వాదిస్తున్నాను.

రెండు వారాల తరవాత మార్చి 30న ఉగాది. కార్యక్రమం కాగితం ఈసారి నేను రాయలేదు, పిల్లలకిచ్చాను. ప్రతి పాట కిందా రెండు గళ్ళు పెట్టారు, రచన ఎవరు, వరస ఎవరు అని. అన్నమయ్య పాటలు తొమ్మిది ఉన్నాయి. నాలిగింటికి బాలకృష్ణప్రసాద్ గారి పేరు రాశారు. రెండింటికి నేదునూరి గారి పేరు. మిగతా మూడింటి కోసం చాలా వెతికాం. ఊళ్ళో తెలిసినవాళ్ళకి ఫోన్లు చేశాం. ఒకరొకటంటే ఇంకొకరు ఇంకొకటన్నారు. "సాంప్రదాయం అని రాసేద్దామా?" అన్నాను, అలవాటు కొద్దీ. వాయిస్ మెసేజ్ పిల్ల ఒప్పుకోలేదు. "తెలియకపోతే ఖాళీగా వదిలేద్దాం ఆంటీ. తెలిశాక రాద్దాం" అంది. అలాగే అచ్చు వేశాం, మూడు గళ్ళు ఖాళీగా. చూసినవాళ్ళు కొందరు అచ్చుతప్పేమో అనుకున్నారు.

ఆ మూడు పాటల పల్లవులు పిల్లలు రేడియో వాళ్ళకి పాడి ఇచ్చారు. నా మాటలయ్యాక వినిపిస్తారు. వింటున్నవాళ్ళలో ఎవరికైనా, మీ అమ్మకో అత్తయ్యకో, ఊళ్ళో మీకు పాట చెప్పిన మాస్టారికో ఆ వరసలు ఎవరివో తెలిస్తే దయచేసి రేడియోకి రాయండి. ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ తలుపుకే ఉంది.